మన సంఘం విలాసం కూడా జీమెయిలే



ఉగాది పిల్లల బహుమతుల లెక్కలో ఆ 18,600 రూపాయలు ఏమైంది అని పోయిన నెల మీటింగులో ఒక తమ్ముడు అడిగినాడు. అడగడంలో తప్పేమీ లేదు, అడగాల్సిందే. ఆ రోజు నేను, "అది నా తప్పు, నేనే కట్టేస్తాను, వివరం తరువాత రాస్తాను" అని మాత్రం చెప్పి కూర్చున్నాను. ఐదు నిమిషాలు నిలబడి చెప్పేసే సంగతి కాదు అది. నిజం చెప్పాలంటే ఆ రోజు గొంతు కూడా రాలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. కొంచెం పొడుగే అవుతుంది, ఓపికగా చదవండి.

నేను తమిళ మీడియంలో ఎస్.ఎస్.ఎల్.సి. దాకా చదివినవాణ్ణి, తెలుగు అక్షరాలు మన సంఘం ఆదివారం క్లాసులో యాభై ఎనిమిదో ఏట నేర్చుకున్నవాణ్ణి అని మీకు తెలిసిందే. తమిళంలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. కాబట్టి ఒత్తులు ఎక్కడైనా పోయి ఉంటే మీరే పెట్టుకొని చదువుకోండి. ఈ ఒత్తుల మాట ఊరికే చెప్పలేదు, కింద మళ్ళీ వస్తుంది.

ఈసారి ఉగాదికి పిల్లలకు ప్లాస్టిక్ టిఫిన్ డబ్బాలు, స్టీలు గ్లాసులు వద్దు, మన తెలుగు నేల వస్తువు ఏదైనా ఇద్దాం అని కమిటీలో అనుకున్నాం. ఒక అక్క కొండపల్లి బొమ్మలు అన్నారు. అందరికీ నచ్చింది. మన పిల్లల్లో సగం మందికి కొండపల్లి ఎక్కడ ఉందో తెలీదు. విజయవాడ పక్కనే. తెల్ల పొణికి అనే తేలిక కర్రతో చేస్తారు. చేతులు, కాళ్ళు విడివిడిగా చెక్కి, చింతగింజల పిండీ రంపపు పొట్టూ కలిపిన ముద్దతో అతుకుతారు. అంబారీ ఏనుగు, ఎద్దుల బండి, తాటిచెట్టు ఎక్కే మనిషి, దశావతారాలు. మా నాయనమ్మ దగ్గర ఒక పెండ్లికూతురు బొమ్మ ఉండేది, రంగంతా పోయి ముక్కు మాత్రం మిగిలింది. అరవై మంది పిల్లలు. కొనే పని నాకు అప్పజెప్పినారు. అరక్కోణం, కాట్పాడి, జోలార్‌పేట అని ముప్పయ్యారేళ్ళు పార్సెల్ ఆఫీసుల్లో కూర్చున్న మనిషి, సరుకు తెప్పించడం ఆయనకు తెలిసినంత ఎవరికి తెలుసు అన్నారు. నేనూ ఆ మాటకు కొంచెం పొంగిపోయినాను.

ఫోన్లో వెతికి నలుగురైదుగురికి ఈమెయిల్ రాసినాను. ఇద్దరి దగ్గర నుంచి జవాబు వచ్చింది.

ఒకటి కొండపల్లిలోనే బొమ్మలు చేసే ఇంటి నుంచి. ఆ ఇంటి కోడలు రాసింది. జీమెయిల్ విలాసం, పేరు, దాని వెనక బొమ్మలు అనే మాట, దాని వెనక నాలుగు అంకెలు. తెలుగుమాటలు ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టి, మధ్యమధ్య ఇంగ్లీషు, ఆ ఇంగ్లీషులో తప్పులు. బొమ్మ ఒకటి 360, అరవైకి 21,600, సగం ముందు ఇవ్వాలి, ఇరవై రోజులు పడుతుంది. నాలుగు ఫొటోలు పంపింది. ఒక ఫొటోలో బొమ్మల పక్కన ఎవరిదో కాలు కూడా పడింది.

రెండోది ఒక కంపెనీ నుంచి. విజయవాడ అని రాసుకున్నారు. జీమెయిల్ కాదు, సేల్స్ అని మొదలై, గుర్తు తరువాత వాళ్ళ కంపెనీ పేరే ఉండే సొంత విలాసం. రంగుల లెటర్ హెడ్, కొటేషన్ నంబరు, జీఎస్టీ నంబరు, కింద షరతులు. ఇంగ్లీషులో ఒక్క తప్పు లేదు. బొమ్మ ఒకటి 310, అరవైకి 18,600, రవాణా ఉచితం, పది రోజుల్లో వస్తుంది. డబ్బు మాత్రం మొత్తం ముందే.

కమిటీలో నేను ఏమన్నానో అక్కడ ఉన్నవాళ్ళకు గుర్తుంటుంది. "జీమెయిల్ ఎవరైనా ఐదు నిమిషాల్లో తెరవచ్చు, రేపు మూసేసి పోవచ్చు. అది ప్లాట్‌ఫారం టికెట్టు. సొంత విలాసం అంటే రిజర్వేషన్ టికెట్టు, పేరు, బెర్తు అన్నీ ఉంటాయి, ఎక్కడికి పోతారు?" అన్నాను. అందరూ నవ్వినారు, సరే అన్నారు. ధర మూడు వేలు తక్కువని కాదు అని చెబితే అబద్ధం అవుతుంది. కానీ ధర ఒక్కటే అయితే నేను ఇంకొంచెం ఆలోచించి ఉంటాను. నన్ను పడగొట్టింది ఆ విలాసం, ఆ తప్పులు లేని ఇంగ్లీషు.

డబ్బు పంపేటప్పుడు ఇంకో సంగతి. యూపీఐలో పిన్ను కొట్టే ముందు ఎవరి ఖాతాకు పోతుందో పేరు కనబడుతుంది కదా. కంపెనీ పేరు కాదు, ఎవరో ఒక మనిషి పేరు వచ్చింది. చూసినాను. చూసి, ఓనరు పేరు కాబోలు అనుకొని పిన్ను కొట్టేసినాను. పార్సెల్ ఆఫీసులో ఒక్క అక్షరం తేడా ఉంటే సరుకు ఇవ్వకుండా మనుషుల్ని గంటలు గంటలు నిలబెట్టినవాణ్ణి నేను.

పదో రోజు, సరుకు పంపించినాం అని ఒక నంబరుతో మెయిల్ వచ్చింది. ఆ నంబరు ఎక్కడ కొట్టినా లేదు అంటుంది. ఫోను స్విచ్చాఫ్. పదిహేనో రోజు నేను రాసిన మెయిల్ నాకే తిరిగి వచ్చింది. ఉగాదికి ఇంక పద్దెనిమిది రోజులు.

ఆ రాత్రి మా ఇంటామెకు కూడా చెప్పలేదు. బెంగళూరులో ఉండే మా అబ్బాయికి ఫోన్ చేసినాను. వాడు అక్కడ కంప్యూటర్ ముందు కూర్చొని, నన్ను ఇక్కడ ఫోన్ పట్టుకోమని, పది నిమిషాల్లో అంతా విప్పి చూపించినాడు.

ఇంటర్నెట్లో ఏ పేరు ఎప్పుడు రిజిస్టరు అయిందో చూసుకోవడానికి హూయిజ్ అని ఒక రికార్డు ఉంది, ఎవరైనా చూడచ్చు. ఓనరు పేరు చాలావరకు దాచిపెట్టి ఉంటుంది, తేదీ మాత్రం కనబడుతుంది. ఆ కంపెనీ పేరు పుట్టింది నేను వాళ్ళకు ఉత్తరం రాయడానికి ఇరవైనాలుగు రోజుల ముందు. మూడు తరాలుగా కళాసేవ అని ఆ వెబ్‌సైటులో రాసుకున్నారు.

తరువాత జీఎస్టీ నంబరు. అందులో పదిహేను అక్షరాలు ఉంటాయి, మొదటి రెండు అంకెలు రాష్ట్రం. మన తమిళనాడు 33, ఆంధ్ర 37, తెలంగాణ 36. వాళ్ళు ఇచ్చిన నంబరు 07తో మొదలైంది, అంటే ఢిల్లీ. జీఎస్టీ వెబ్‌సైటులో లాగిన్ కూడా అక్కరలేదు, నంబరు కొడితే అది ఎవరిదో, ఎప్పటి నుంచి ఉందో వస్తుంది. కొడితే వేరే ఎవరో, వేరే పేరు. పాపం వాళ్ళకు తెలియనే తెలియదేమో వాళ్ళ నంబరు ఇలా తిరుగుతుందని. చూడండి, బీజెడ్‌ఏ అంటే విజయవాడ, ఎన్‌డీఎల్‌ఎస్ అంటే న్యూఢిల్లీ అని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. విజయవాడ నుంచి వచ్చింది అని చెప్పిన మూటమీద ఢిల్లీ కోడ్ ఉంటే నాలాంటి క్లర్కు ఊరుకుంటాడా? ఊరుకున్నాను.

"నాన్నా, ఆ సొంత విలాసానికి వాడు ఎంత పెట్టి ఉంటాడు అనుకుంటున్నావు?" అని అడిగినాడు వాడు. పదివేలు ఉంటుందేమో అన్నాను. "మొదటి ఏడాదికి కొన్ని వందలు. రెండు ఆంబూరు బిర్యానీల డబ్బు" అన్నాడు. ఇంకొకటి కూడా చెప్పినాడు, అది నాకు బాగా ఎక్కింది. సొంత పేరుతో వచ్చే మెయిళ్ళలో చాలావాటిని నడిపేది కూడా గూగులో, మైక్రోసాఫ్టో. అదే యంత్రం, అదే పెట్టె. బయట అంటించిన పేరుకే ఆ వందలు.

1930కి ఫోన్ చేసినాను, సైబర్ క్రైమ్ వెబ్‌సైటులో ఫిర్యాదు కూడా పెట్టినాను. డబ్బు పోయిన గంట రెండు గంటల్లో చేసి ఉంటే ఆ ఖాతాలో నిలబెట్టే అవకాశం ఉంటుంది. నేను చేసింది పదిహేను రోజులు దాటినాక. ఇప్పటిదాకా ఏమీ రాలేదు. మీలో ఎవరికైనా ఇలా జరిగితే పరువు గురించి ఆలోచించకుండా ఆ క్షణమే 1930 కొట్టండి.

ఆ రాత్రి పడుకోలేదు. కాట్పాడి స్టేషను బయట ఒక రబ్బరు స్టాంపుల అంగడి ఉండేది, అది గుర్తుకు వచ్చింది. ఏ కంపెనీ పేరు చెప్పినా, ఏ హోదా చెప్పినా, గంటలో స్టాంపు చేసి ఇచ్చేవాడు. నువ్వు ఎవరు అని అడిగేవాడు కాదు. అది మా ఆఫీసులో అందరికీ తెలుసు. అందుకే ఎంత గుండ్రటి స్టాంపు వేసుకొని వచ్చినా, ఒట్టి స్టాంపు చూసి మేము మూట ఇచ్చింది లేదు. రైల్వే రసీదు తెమ్మనేవాళ్ళం. ఎందుకంటే ఆ రసీదు ఇచ్చింది ఇంకో స్టేషన్లో మాలాంటి క్లర్కు, సరుకు తూకం వేసి ఇచ్చినాడు, దాని నంబరు పుస్తకంలో ఉంది, తేడా వస్తే అతని జీతంలో కోస్తారు. రసీదు పోయింది అంటే స్టాంపు పేపరు మీద ఇండెమ్నిటీ బాండు రాయించుకొని, హామీ ఇచ్చేవాళ్ళ సంతకం పెట్టించుకొని ఇచ్చేవాళ్ళం. ఇంకో మాట. రైల్వే రసీదుల మీద సరుకు పేరు దగ్గర "సెడ్ టు కంటెయిన్" అని ఉండేది. లోపల ఫలానాది ఉంది అని పంపినవాడు చెప్పినాడు, మేము విప్పి చూడలేదు, అని దాని అర్థం. ముప్పయ్యారేళ్ళు ఆ మాట రాసినవాణ్ణి, ఒక ఈమెయిల్ విలాసం చూసి లోపల ఉన్నది విప్పి చూసినట్టే నమ్మినాను.

కాబట్టి ఇప్పుడు నాకు అర్థమైంది ఇంతే. విలాసం ఉచితమా, డబ్బు పెట్టి కొన్నదా అనేది కాదు అడగాల్సింది. ఇచ్చేముందు ఎవరైనా చూసి ఇచ్చినారా అని అడగాలి. జీమెయిల్ వాడు చూడడు. డాట్ కామ్, డాట్ ఇన్ అమ్మేవాడు కూడా మన రబ్బరు స్టాంపు అంగడివాడి లాగానే, డబ్బు కడితే ఇచ్చేస్తాడు. చూసి ఇచ్చేవి కొన్ని ఉన్నాయి. డాట్ గవ్ డాట్ ఇన్ అని చివర ఉండేది ప్రభుత్వ ఆఫీసుకు తప్ప ఇవ్వరు. బ్యాంకులకు కూడా రిజర్వు బ్యాంకు 2025లో అలాంటిదే పెట్టింది. బ్యాంకులన్నీ తమ విలాసాన్ని డాట్ బ్యాంక్ డాట్ ఇన్ లోకి 2025 అక్టోబరు 31 లోపల మార్చుకోవాలి అని చెప్పింది. ఆ పేరు బ్యాంకుకు తప్ప బయటివాళ్ళకు దొరకదు. మీ బ్యాంకు పేరుతో మెయిల్ వస్తే ఆ చివర చూడండి.

అట్లని ఉచిత విలాసం చూసి అనుమానపడాల్సిన చోటు లేకుండా పోలేదు. మన వీధి పిల్లలు ఇద్దరు ముగ్గురు నా దగ్గరికి రైల్వే అపాయింట్‌మెంట్ ఆర్డరు అని ప్రింటు తీసుకొని వచ్చినారు, వేరువేరు సంవత్సరాల్లో. అశోక చక్రం, సంతకం అంతా ఉంటుంది. వచ్చింది జీమెయిల్ నుంచి. ట్రైనింగు డిపాజిట్టు అని ముప్పై వేలు కట్టమంటారు. అంత పెద్ద రైల్వే, ఉద్యోగం ఇచ్చేటప్పుడు ఒక జీమెయిల్ తెరిచి రాస్తుందా? రిక్రూట్‌మెంట్ బోర్డుల నోటీసులు వాళ్ళ ప్రభుత్వ వెబ్‌సైటుల్లో వస్తాయి, డబ్బు కట్టి ఉద్యోగంలో చేరమని ఏ బోర్డూ రాయదు. అక్కడ చెప్పుకున్న తాహతుకూ విలాసానికీ పొంతన లేదు, అది పట్టుకోవాలి. బొమ్మలు చెక్కే ఇంటి కోడలు జీమెయిల్లో రాస్తే పొంతన ఉంది. ఆమెకు సొంత విలాసం ఎందుకు? మన వీధి చివర పూలు కట్టే అక్కకు లెటర్ హెడ్ ఉంటుందా? నేను పట్టుకోవాల్సిన చోట వదిలేసి, వదిలేయాల్సిన చోట పట్టుకున్నాను.

ఫోన్లో మెయిల్ చూసేవాళ్ళకు ఒక్క మాట. అందులో పంపినవాళ్ళ పేరు మాత్రమే పెద్దగా కనబడుతుంది, ఆ పేరు ఎవరైనా ఏదైనా పెట్టుకోవచ్చు. దాని మీద వేలు పెడితే అసలు విలాసం బయటికి వస్తుంది. అది కూడా అక్షరం అక్షరం చదవండి. ఇంగ్లీషులో చిన్న ఆర్, చిన్న ఎన్ పక్కపక్కన పెడితే ఎమ్ లాగానే ఉంటుంది, నా కండ్లకు అయితే అద్దాలు పెట్టుకున్నా తేడా తెలీదు.

మళ్ళీ కథకు వస్తాను. మర్నాడు సాయంత్రం ఆ కొండపల్లి కోడలికి ఫోన్ చేసినాను. జరిగింది మొత్తం చెప్పలేదు, ఇంకో చోట కుదరలేదు అని మాత్రం అన్నాను. ఆమె గొంతులో కోపం లేదు, సంతోషమూ లేదు. "అరవై కుదరదండీ బాబాయి గారూ. పదిహేడు రోజులే అంటున్నారు. రంగు ఆరాలి. నలభై ఐదు మేం చేస్తాం, మిగతా పదిహేను మా చుట్టాల ఇంట్లో అడిగి చెబుతాను. సగం మాత్రం ముందే ఇవ్వాలి" అంది.

ఒకసారి కాలిన చెయ్యి కదా, నేను గునిసినాను. అమ్మా, మాది ఎన్నో ఏళ్ళ సంఘం, రిజిస్టరు అయిన సంఘం, సరుకు వచ్చిన రోజే మొత్తం ఇచ్చేస్తాం, ముందు ఇవ్వాలంటే కమిటీలో కష్టం అన్నాను.

కొంచెంసేపు మాట్లాడలేదు ఆమె. తరువాత చెప్పింది. పోయిన ఏడాది ఒక ఊరి నుంచి సంఘం పేరు చెప్పి ఒకాయన ఎనభై బొమ్మలకు ఆర్డరు ఇచ్చినాడంట. అడ్వాన్సు లేదు, మాట మీద. ప్రతి బొమ్మ పీట కింద సంఘం పేరు రాయించుకున్నాడు. అన్నీ తయారైనాక ఫోను ఎత్తలేదు. పేరు రాసి ఉన్న బొమ్మలు ఇంకొకరు కొనరు, అది గీకి మళ్ళీ రంగు వేయడానికి వాళ్ళ మామగారికి నెల పట్టింది.

"ఆయనదీ జీమెయిలేనండీ. మీదీ జీమెయిలే కదా. మిమ్మల్ని నేను ఎట్లా నమ్మాలి?"

నా దగ్గర జవాబు లేదు. మీరే చూడండి, మన సంఘం విలాసం ఏమిటి? జీమెయిల్. నేనే 2011లో తెరిచినాను, మన పేరు దొరకలేదని వెనక మూడు అంకెలు కూడా పెట్టినాను. ఏ కమిటీలో జీమెయిల్ అంటే ప్లాట్‌ఫారం టికెట్టు అని జోకు వేసినానో, ఆ కమిటీ తీర్మానాన్ని ఆ జీమెయిల్ నుంచే పంపినాను. ఆమె ఇంగ్లీషులో తప్పులు చూసి మనసులో చిన్నచూపు చూసినాను కదా, నా తెలుగు ఉత్తరంలో ఆమెకు ఎన్ని ఒత్తుల తప్పులు కనబడి ఉంటాయో. ఆమె వాటి గురించి ఒక్క మాట అనలేదు.

ఇద్దరం అట్లా కూర్చుంటే బొమ్మలు రావు. అప్పుడు పాతకాలం వ్యాపారులు చేసే పద్ధతి గుర్తుకు వచ్చింది. సరుకు రైల్లో బుక్ చేసి, రైల్వే రసీదును నేరుగా కొన్నవాడికి పంపేవాళ్ళు కాదు, బ్యాంకు ద్వారా పంపేవాళ్ళు. బ్యాంకులో డబ్బు కడితేనే రసీదు చేతికి వస్తుంది, రసీదు ఉంటేనే మా దగ్గర సరుకు వస్తుంది. అమ్మినవాడూ కొన్నవాడూ ఒకరి ముఖం ఒకరు చూసి ఉండరు, నమ్మాల్సిన పని కూడా లేదు. పోస్టాఫీసు వీపీపీ కూడా ఆ జాతిదే. ఇప్పుడు క్యాష్ ఆన్ డెలివరీ అని పిల్లలు అంటారే, అది కొత్తదేమీ కాదు.

నేను అన్నాను, అమ్మా, ఇప్పుడు నాలుగో వంతు పంపిస్తాను, 5,400. నా సొంత ఖాతా నుంచి కాదు, సంఘం ఖాతా నుంచి, నీకు సంఘం పేరే కనబడుతుంది. సగం బొమ్మలు అయినాక వీడియోలో చూపించు, ఇంకో 5,400 పంపుతాను. విజయవాడలో రైలు పార్సెల్ బుక్ చేసి రసీదు ఫొటో పంపు, మిగతా సగం పంపుతాను. డబ్బు అందినాక అసలు రసీదు స్పీడు పోస్టులో వేసేయి. ఆమె వాళ్ళ మామగారిని అడిగి సరే అంది.

తరువాత వీడియో కాల్ చేసినాం. ఆమె ఇల్లు చూపించింది. ముందు వసారాలో పెద్దాయన కాళ్ళు చాపుకొని కూర్చొని ఏనుగు తొండం చెక్కుతున్నాడు. ఫొటోలో పడింది ఆయన కాలే. నేను మన హాలుకు పోయి, గోడ మీద ఫ్రేము కట్టిన రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు, పాత అధ్యక్షుల ఫొటోలు, వంటపాత్రల గది కూడా చూపించినాను. ఆమె నవ్వింది. పెద్దాయన, "అరవ దేశంలో ఇంతమంది మనవాళ్ళు ఉన్నారా?" అన్నాడు. నేను ఉన్నాం నాయనా, చాలా తరాలుగా ఉన్నాం అన్నాను. ఆయనకు నా తెలుగు సగమే అర్థమైనట్టుంది.

ఉగాదికి మూడు రోజుల ముందు రసీదు ఫొటో వచ్చింది. ఆ నంబరు నేను ఎన్నిసార్లు చూసుకున్నానో చెప్పలేను. మర్నాడు స్పీడు పోస్టు కూడా వచ్చింది. అసలు రసీదు పట్టుకొని కాట్పాడి పార్సెల్ ఆఫీసుకు నేనే పోయినాను, నేను కూర్చున్న కిటికీకే. ఇప్పుడు అక్కడ ఉన్న అమ్మాయికి నేను ఎవరో తెలీదు. రసీదు వెనక సంతకం పెట్టమంది, నా ఆధార్ చూసింది, పేరు రెండుసార్లు పోల్చి చూసి అప్పుడు మూట ఇచ్చింది. నాకు చాలా తృప్తిగా అనిపించింది.

ఇంక లెక్క. 21,600 కొండపల్లికి, పార్సెల్ ఛార్జీ వాళ్ళే పెట్టుకున్నారు. పోయిన 18,600లో నేను ఇప్పటిదాకా 10,000 సంఘం ఖాతాలో కట్టినాను, మిగతా 8,600 వచ్చే రెండు నెలల పెన్షన్లో కడతాను. కార్యదర్శిగారు వద్దు, సంఘమే భరిస్తుంది అన్నారు, అది ఆయన పెద్దమనసు. తీర్మానం అందరూ చేసినాం అనే మాట నిజమే, కానీ ఆ తీర్మానం చేయించింది నా జోకు.

మీటింగు తరువాత ఇద్దరు ముగ్గురు తమ్ముళ్ళు, మన సంఘానికీ ఒక సొంత విలాసం కొనేద్దాం అన్నా, జీమెయిల్ అంటే మర్యాదగా లేదు అన్నారు. నేను వద్దు అనను. ఒక్క సంగతి ఆలోచించండి. ఆ పేరుకు ఏటేటా డబ్బు కట్టాలి. మన హాలు ఆస్తి పన్నే రెండుసార్లు గడువు దాటి కట్టినాం. ఈ పేరు గడువు దాటిపోతే, కొన్నాళ్ళకు ఎవరైనా కొనుక్కోవచ్చు, తరువాత మనకు రాసే ఉత్తరాలన్నీ వాళ్ళ పెట్టెలో పడతాయి, మన పేరుతో వాళ్ళు రాయనూ రాయచ్చు. ఏ తమ్ముడైనా పదేళ్ళు నేను చూసుకుంటాను అని పేరు ఇస్తే కొందాం. లేకపోతే ఈ మూడు అంకెల జీమెయిలే ఉండనీయండి, కింద హాలు విలాసం, రిజిస్ట్రేషన్ నంబరు, ఇద్దరి ఫోన్ నంబర్లు రాద్దాం. ఎవరైనా అనుమానపడితే ఫోన్ చేసి అడుగుతారు.

తమిళంలో విలాసాన్ని ముగవరి అంటారు. ముగం అంటే ముఖం. చిన్నప్పటి నుంచి రాస్తున్న మాట, అందులో ముఖం ఉంది అని ఈ గొడవ జరిగినాకే గమనించినాను.

ఉగాది రోజు రాలేకపోయిన నలుగురు పిల్లల బొమ్మలు మా ఇంట్లో ఉన్నాయి. రెండు ఎద్దుల బండ్లు, ఒక ఏనుగు, ఒక తాటిచెట్టు. ఆదివారం పది గంటల తరువాత ఎప్పుడైనా వచ్చి తీసుకొని పోండి. తాటిచెట్టు మీది మనిషి కొంచెం వదులుగా ఉన్నాడు, పెద్దాయన్ని అడిగితే చింతగింజల పిండి నీళ్ళలో ఉడకబెట్టి అతికించమన్నాడు. మా ఇంటామె రేపు చేస్తానంది.